ఎర్ర దారం కట్టిన సీసాలు

ముందు కచ్చితంగా తెలిసినవి చెబుతాను. ఆ ఏడాది దసరా సెలవులు ముగిసి లేబొరేటరీ తెరిచిన రోజు, ఉదయం పదకొండు దాటిన తర్వాత, మా నానోటెక్నాలజీ విభాగంలో ఒక గోధుమరంగు సీసా పేలింది. నా సహాధ్యాయి ఎడమ కన్ను పోయింది. మూడో రోజు మధ్యాహ్నం, మా విభాగానికి గాజు పరికరాలు తయారుచేసే పెద్దమనిషి కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. ఆ వేళ్ల మీద పడిన బూటును, ఆ బూటు తొడుక్కున్న మనిషిని నేను చూశాను.

ఇక విన్నవి. సీసా ముందే పగులు తీసి ఉందని విన్నాను. పగిలిన సీసాలను అతికి ఇవ్వడం ఆ గాజుపనివాడికి అలవాటని విన్నాను. కొలువు పర్మనెంటు చేయలేదన్న కక్షతో కావాలనే నాసిరకం సీసా ఇచ్చాడని, ఆయుధపూజ నాడు ప్రసాదం ముట్టలేదని కూడా విన్నాను. ఈ చివరి మాట అబద్ధమని మాత్రం నాకు అప్పుడే తెలుసు. పూజ జరుగుతున్నంతసేపూ నేను ఆయన వర్క్‌షాపులోనే కూర్చుని ఉన్నాను. పేపరు ప్లేట్లలో పంపిన పులిహోరలో తన వాటా ఆయన తిన్నాడు. కారం ఎక్కువైందని నేను వదిలేసిన వాటా కూడా ఆయనే తిన్నాడు.

సికింద్రాబాద్‌లో ఆ రోజుల్లో నానోటెక్నాలజీ చదువుతున్నానని చెబితే, అది కంప్యూటర్లో ఏ భాగమని అడిగేవారు. మల్కాజ్‌గిరిలో మా వీధి కరెంటు స్తంభాలన్నీ జావా కోచింగ్ కాగితాలతో నిండి ఉండేవి. మాతోపాటు చేరినవాళ్లలో కొందరు మొదటి ఏడాది పూర్తికాకముందే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోయారు. "సాఫ్ట్‌వేర్ పని అయిపోవచ్చింది, రేపటిదంతా ఇదే," అని మా ప్రొఫెసర్ ప్రతి సెమిస్టరు ఆరంభంలోనూ అనేవారు. ఆధారమేమిటని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి తర్వాతి స్లయిడ్‌కు వెళ్లారు. అప్పటినుంచి తరగతిలో నాకు 'ప్రూఫ్' అనే పేరు స్థిరపడింది.

ఆ పేరు పెట్టినవాడు నా సహాధ్యాయే. అల్వాల్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం అప్పటికే ఖాయమై, ప్రాజెక్టు రిపోర్టు సమర్పించడమే తరువాయిగా ఉన్నవాడు. మా ఇంట్లో విజయనగరం మాట. అది నా నోట ఎక్కడ జారుతుందా అని కాచుకుని ఉండేవాడు.

"నాకేటి తెలుసు అంటవేంది? ఏటి అంటే గోదావరా, మూసీనా?"

"నీకు ఏదైతేనేటి, రెండింట్లోనూ ఈత రాదు కదా."

మేమిద్దరం ఒకే బల్ల మీద పనిచేసేవాళ్లం. గాజు పలకల మీద బంగారు కణాలను, కంటికే కాదు మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నవాటిని, పొరగా పరచడం మా పని. పలక మీద వేలిముద్ర పడినా ఆ పొర నిలవదు. అందుకని పలకలను ముందుగా ఒక ద్రవంలో ముంచేవాళ్లం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చేసే ఆ ద్రవాన్ని, మాంసం తినే చేప పేరు మీద 'పిరానా' అంటారు. కింద మంట లేకపోయినా అది తనంత తానే కుతకుతమని ఉడుకుతుంది. అందులో టిష్యూ కాగితం ముక్క వేస్తే ముందు నల్లబడుతుంది, తర్వాత ఆ నలుపు కూడా మిగలదు. నా చున్నీలకు ఆవగింజంత చిల్లులుండేవి. బడిపిల్లలకు చెప్పినట్టు మాకు చెప్పిన నియమం ఒకటుంది: వాడేసిన పిరానా ఎసిటోన్ వంటి ద్రావకంతో ఎన్నడూ కలవకూడదు. కలిస్తే పేలుతుంది.

కాబట్టి పొగలు పీల్చే అద్దాల అరలో, ఫ్యూమ్ హుడ్ అంటాం దాన్ని, పక్కపక్కనే రెండు గోధుమరంగు సీసాలు పెట్టేవాళ్లం. కుడి పక్కది వాడేసిన ఆమ్లానికి, ఎడమ పక్కది వాడేసిన ఎసిటోన్‌కు. చూడటానికి రెండూ ఒకటే. అంటించిన కాగితాలను ఆమ్లపు ఆవిరి నెల తిరగకుండా తినేసేది. అందుకని మా ముందటి బ్యాచ్‌వాళ్లు ఆమ్లపు సీసా మెడకు ఎర్ర దారం కట్టే పద్ధతి పెట్టారు. దారమున్నది ఆమ్లం, దారం లేనిది ఎసిటోన్. ఆమ్లపు సీసా అంచు ఒకసారి నా సహాధ్యాయి చేతిలో కుళాయికి తగిలి పెచ్చు లేచింది. వరండాకు అవతల వర్క్‌షాపులో ఉండే గాజుపని చాచా దాన్ని అరగదీసి, మంట మీద నున్నగా తేల్చి ఇచ్చాడు. అందువల్ల ఆ సీసాకు విభాగంలో 'చాచా సీసా' అని పేరు.

చాచాకు యాభై దాటాయి. సీతాఫల్‌మండిలో ఇల్లు, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. ఆయన మంట ముందు గాజు గొట్టం తిప్పుతుంటే నేను చాలాసార్లు నిలబడి చూశాను. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. ఒక చెయ్యి లవలేశం వెనకబడినా మెత్తబడిన గాజు మెలిపడిపోతుంది. ఆయన బతుకుతెరువు మొత్తం ఆ సమవేగంలోనే ఉంది. ఇది కవిత్వం కాదు. ఆ పని జరిగే తీరు అంతే.

సెలవులకు ముందురోజు మా లేబొరేటరీలో ఆయుధపూజ చేశారు. పరికరాలకు పూజలేమిటన్న చిరాకుతో నేను చాచా వర్క్‌షాపులోకి వెళ్లి కూర్చున్నాను. సెలవుల తర్వాత వచ్చి చూస్తే సూక్ష్మదర్శినికి కుంకుమబొట్టు, వాక్యూమ్ పంపుకు బంతిపూల దండ, ప్రతి వస్తువుకూ ఎర్ర దారం. కంప్యూటరు మౌసుకు కూడా కట్టారు. దాన్ని చూసి నేను నవ్వాను. హుడ్‌లోని సీసాల మెడలకూ దారాలు వేలాడుతున్నాయి. అవీ చూశాను. రెండు సీసాలకూ దారం ఉంటే దాని అర్థమేమిటో ఆ క్షణాన నాకు తట్టలేదు. పూజను వెక్కిరించే పనిలో ఉన్నాను.

ఆ ఉదయం లేబొరేటరీలో మేమిద్దరమే ఉన్నాం. అతడు పలకలు కడిగి, చల్లారిన పిరానాను దారం కట్టిన సీసాలో పోశాడు. దారం కట్టిన ఎడమ సీసాలో. పోసి, కడగడానికి సింకు దగ్గరికి వెళ్లాడు. నేను తూకాల గదిలోకి వెళ్లాను. పది నిమిషాలు పట్టి ఉంటుందని తర్వాత రాశాను. అది అంచనా మాత్రమే.

"ప్రూఫ్! ఇగ జూడు, నీ సీసా ఈల కొడుతున్నది!" అని అతడు పిలవడం వినబడింది. అవే అతడు ఆ కంటితో చూస్తూ అన్న ఆఖరి మాటలు. మంచు పట్టినట్టు మసకబడుతున్నాయని రక్షణ కళ్లద్దాలను నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు.

శబ్దం చెవులకు కాదు, పళ్లకు తగిలింది. తూకాల గది తలుపు అద్దం ఊడి నా కాళ్ల ముందు పడింది. బయటికి వచ్చేసరికి హుడ్ అద్దం లేదు. గోడ మీద, కప్పు మీద, పంపు మీది బంతిపూల మీద ఆమ్లం పొగలు కక్కుతోంది. అతడు నేల మీద మోకాళ్లపై ఉండి, రెండు చేతులతో ముఖాన్ని పీక్కుంటున్నాడు. చొక్కా ఒంటి మీదే చిల్లులు పడుతూ జారిపోతోంది. చెంపలో గాజు పెంకు ఒకటి నిలువుగా దిగి ఉంది. ఎడమ కంటి నుంచి కారుతున్నది రక్తం కాదు. అదేమిటో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

నేను అరిచాను. అంతకు మించి నేను చేసింది ఏమీ లేదు. వరండా దాటి పరుగెత్తుకొచ్చింది చాచా. అతణ్ణి జుట్టు పట్టి ఈడ్చి, తలను కుళాయి కింద అదిమి, రెప్పలను తన వేళ్లతో విడదీశాడు.

"సస్తా! ఇడువు చాచా, ఇడువు!"

"కన్ను తెరువ్ బేటా! నన్ను కొట్టు, తిట్టు, ఏమన్న చెయ్. కన్ను మాత్రం తెరువ్!"

అతడు నిజంగానే కొట్టాడు. మోచేత్తో ముక్కు మీద, పిడికిలితో దవడ మీద. చాచా ముక్కులోంచి రక్తం కుళాయి నీళ్లలో కలుస్తోంది, ముంజేతుల మీది చర్మం ఆమ్లానికి తెల్లగా లేస్తోంది. పట్టు మాత్రం వదల్లేదు. ఆ నీళ్ల వల్లనే కుడి కన్ను దక్కిందని డాక్టరు అన్నట్టు ప్రొఫెసర్ చెప్పారు. డాక్టరు నోట నేను వినలేదు.

మధ్యాహ్నానికల్లా కారణం ఖరారైపోయింది. పూజ దగ్గరుండి చేయించిన రీసెర్చ్ స్కాలర్, మేమంతా అన్నా అని పిలిచే సీనియర్, తలుపు దగ్గర నిలబడి, "చాచా అతికిన సీసానే గదా పేలింది?" అన్నాడట. ఆ మాట మొదట ఆయనే అన్నాడో, ఎవరో అంటే ఆయన తలూపాడో నాకు తెలియదు. సాయంత్రానికి అది హాస్టలు దాటి వెళ్లింది.

అప్పటికి నేను గాజు ఏరుతున్నాను. హుడ్‌లో కుడి మూలకు ఒరిగి ఒక సీసా చెక్కుచెదరకుండా ఉంది. నీళ్లతో కడిగాక గ్లౌజు తీసి దాని అంచు మీద వేలు తిప్పాను. ఒకచోట అరగదీసిన నునుపు తగిలింది. అది చాచా సీసా. పేలిన సీసా మెడ పంపు వెనక దొరికింది. మూత విప్పి చూస్తే దాని అంచు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది. రెండింటి మీదా కాలిన దారపు పోగులున్నాయి. జరిగింది అర్థం కావడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

సీనియర్‌ను పిలిచి చూపించాను.

"అన్నా, చాచా సీసా ఇదిగో. పేలింది ఎసిటోన్ సీసా. పూజలో దానికీ దారం కట్టేశారు."

ఆయన ముఖం ఒక క్షణం మారింది. "ముక్కను జూసి జాతకం జెప్తవా? ఆ రెండు కలిస్తే గింత పేలుతదని నువ్వు చేసి చూసినవా? రోజూ మమ్ముల సతాయిస్తవ్ గదా ప్రూఫ్ ప్రూఫ్ అని. తే మరి, ప్రూఫ్."

ఆ మాటకు నేను కోపం తెచ్చుకుని ఉండవలసింది. కానీ అది న్యాయమైన మాటగా తోచింది. గాజు ముక్కలన్నీ తూచాలి, రెండు ద్రవాలను చుక్కల లెక్కన కలిపి చూడాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో నా సహాధ్యాయి అన్నయ్య నా దగ్గరికి వచ్చాడు. ఉదయం నుంచీ ఏమీ తినలేదని చూస్తేనే తెలుస్తోంది.

"చెల్లె, నువ్వు అక్కడనే ఉన్నవట గదా. జెర సాఫ్ చెప్పు. ఏమైంది?"

"ఇంకా తేలలేదు అన్నయ్యా."

"అందరు ఆ ముసలాయన సీసా అంటున్రు. కాదా మరి?"

నా సంచిలో ఆ సీసా మెడ ఉంది. పాత కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. "అవునని చెప్పలేను," అన్నాను. "కాదని కూడా ఇప్పుడే చెప్పలేను. నిర్ధారణ కావాలి."

అతడు "మంచిది," అని వెళ్లిపోయాడు. నేను చెప్పినదాంట్లో అతనికి వినిపించింది ఏమిటో ఊహించడానికి సైన్సు చదవనక్కరలేదు.

మరుసటి రోజంతా ముక్కలు తూచాను. వేరే హుడ్‌లో, తెరిచిన పరీక్షనాళికలో, చుక్క పిరానాకు చుక్క ఎసిటోన్ కలిపాను. చిటపటమని ఎగిసి నాళిక అడుగు ఊడింది. మూడుసార్లు చేశాను; ఒక్కసారితో దేన్నీ నమ్మకూడదని మాకు నేర్పారు. మూడో రోజు మధ్యాహ్నం కంప్యూటరు సెంటరులో నాలుగు పేజీల నివేదిక టైపు చేసి, మూడో పేజీలో ఒక వాక్యం సరిగా కుదరలేదని మళ్లీ ప్రింటు తీస్తున్నాను. అప్పుడు గాజు విరిగే చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, అరల కొద్దీ.

నేను వెళ్లేసరికి వర్క్‌షాపు తలుపు తెరిచే ఉంది. ముగ్గురు మనుషులు. నా సహాధ్యాయి అన్నయ్య చేతిలో మా బల్లల మీద ఉండే ఇనుప స్టాండు కడ్డీ ఉంది. దానితో గొట్టాల అరలను కూలుస్తున్నాడు. మిగతా ఇద్దరు చాచాను చొక్కా పట్టి గోడకేసి కొడుతున్నారు. తల గోడకు తగిలిన ప్రతిసారీ టోపీ కొంచెం కొంచెం జారి చివరికి పడిపోయింది. ముంజేతుల మీద ఆమ్లపు గాయాల కట్లు ఎర్రబడుతున్నాయి. బల్ల మీద బర్నరు నీలంగా మండుతూనే ఉంది. దాన్ని ఎవరూ ఆపలేదు. మా సీనియర్ వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా తమ్ముని కన్ను తిన్నవ్! నీకు చేతులెందుకురా?"

"అల్లా కసమ్, ఆ సీసా మంచిగనే చేసిన బేటా..."

"బేటా అంటవా?"

కడ్డీ మోకాలి వెనక పడింది. చాచా గాజు పెంకుల మీద ముందుకు కూలి, కుడి చెయ్యి నేలకు ఆనించాడు. అన్నయ్య బూటు ఆ చేతి మీద పడింది, పడి తిరిగింది. ఎముక విరిగిన శబ్దం చిన్నది. గొట్టం విరిగిన శబ్దానికీ దానికీ తేడా నేను చెప్పగలను.

"ఆ సీసా కాదు అన్నయ్యా! ఆయన సీసా పగల్లేదు! ఇదిగో, రాసి తెచ్చాను!"

నేను మొదటి ప్రింటు కాగితాలు పైకెత్తి అరుస్తున్నాను. అతడు ఊగుతూ నావైపు తిరిగాడు. కాగితాలను చూశాడు. నేల మీది చేతిని చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టాడు. కాగితాలు బర్నరు వైపు ఎగిరి, ఒకటి అంటుకుంది.

"మొన్న అడిగిన గదనే నిన్ను," అన్నాడు. "మొన్న అడిగిన గద."

నివేదికను మళ్లీ ప్రింటు తీసి విచారణ కమిటీకి ఇచ్చాను. అందులోని ప్రతి అంశాన్నీ వారు అంగీకరించారు. గాజుపనివారి తప్పేమీ లేదని, పూజ సందర్భంగా గుర్తులు తారుమారు కావడమే కారణమని రాసి, ఇకపై లేబొరేటరీలో దారాలు కట్టరాదని ఒక నోటీసు అంటించారు. చాచా పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదు. వేళ్లు అతుక్కున్నాయి కానీ పూర్తిగా ముడుచుకోలేదు. కుడిచెయ్యి వెనకబడితే గాజు మెలిపడుతుంది. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు ఆయనతో ఒక గొట్టం తిప్పించి చూశారు, అది మెలిపడింది. పొడిగించలేదు. నా సహాధ్యాయికి కంపెనీ చేరే గడువు పెంచింది. అతడు ఉద్యోగంలో చేరాడు. నన్ను ప్రూఫ్ అని పిలవడం మానేశాడు.

పరీక్షలయ్యాక సీతాఫల్‌మండిలో చాచా ఇంటికి వెళ్లాను. నివేదిక చదివి వినిపించమని ఆయనే కబురు పెట్టాడు. ఆయన భార్య టీ ఇచ్చి గుమ్మంలో కూర్చుంది. నేను నాలుగు పేజీలూ చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అన్నయ్య మీద ఫిర్యాదు ఎందుకివ్వలేదని మధ్యలో అడిగితే, ఆళ్లింట్ల ఒక్క కన్ను తక్కువైన పిల్లగాడున్నడు, ఇంకొకడు జైలుల ఎందుకు అన్నాడు. తర్వాత కళ్లు తెరిచాడు.

"మూడో కాగితంల ఒక మాట చదివినవ్ బిడ్డా. మల్ల చదువు. మెడ ముక్క గురించి."

చదివాను: 'సీసా మెడ, దానిపై గట్టిగా బిగించి ఉన్న మూతతో సహా, వాక్యూమ్ పంపు వెనుక లభించింది.'

"మూత వదులుగ ఉంటే గ్యాస్ బయటికి పోతది. బుసకొట్టి పొంగుతది, అంతే. బిగిస్తేనే సీసా పేలుతది," అన్నాడు. గాజును ముప్పై ఏళ్లు చదివిన మనిషి. "ఎవరు బిగించిన్రు?"

నా సహాధ్యాయి, మూత ఊరికే ఆనించి వదిలేశానని విచారణలో చెప్పాడు. అది ఆమ్లపు సీసా అని అతడు నమ్మాడు, ఆమ్లపు సీసాకు మూత బిగించకూడదని మాకు నేర్పారు. కాబట్టి అతని మాటను శంకించడానికి నాకు కారణం కనిపించలేదు. ఆ ఉదయం లోపల ఉన్నది మేమిద్దరమే. నేను ఏనాడూ దారం చూసేదాన్ని కాదు. నాకు చోటే గుర్తు. ఎడమ పక్కది ఎసిటోన్, దాని మూత వదులుగా ఉంటే గదంతా వాసన. తూకాల గదికి పోతూ హుడ్ ముందు ఆగి ఆ మూతను ఒక తిప్పు తిప్పి బిగించడం, కమిటీ ముందు నేను చెప్పని, కమిటీ కూడా నన్ను అడగని అలవాటు. నివేదికలో 'బిగించి ఉన్న మూత' అని రాశాను. ఎవరు బిగించారన్న ప్రశ్న రానివ్వని వాక్యం అది. రెండో ప్రింటులో నేను సరిచేసిన వాక్యం అదేనా కాదా అన్నది కూడా ఇప్పుడు చెప్పలేను. మొదటి ప్రతిలోని ఆ పేజీ బర్నరు దగ్గర తగలబడింది.

"తెలియదు చాచా," అన్నాను.

ఆయన తలూపి, టీ చల్లారుతుందని సైగ చేశాడు.

ఆ ఉదయం నేను ఆ మూత తిప్పానా? తిప్పినట్టు జ్ఞాపకం లేదు. తిప్పనట్టు కూడా జ్ఞాపకం లేదు. రెండేళ్లపాటు ప్రతి ఉదయం చేసిన పని నా తలలో ఒక్కటే ఉదయంగా మిగిలింది, అందులోంచి ఆ ఒక్కరోజును విడదీసే మార్గం నాకు దొరకలేదు. కమిటీకి అప్పగించిన మెడ ముక్కను విచారణ ముగిసిన వారంలోనే పగిలిన గాజుతో పాటు పారేశారు. అది దాచి ఉన్నా, మూత బిగిసి ఉండిందని చెప్పేది కానీ బిగించింది ఎవరి చెయ్యో చెప్పేది కాదు.